ఇరవై నాలుగు అంకెలూ, పది సెంట్లూ

పోయిన ఆదివారం తార్నాకలో మా వాడి రూముకెళ్ళాను. ఓయూలో మాథ్స్ పీహెచ్‌డీ చేస్తున్నాడు. సాయంత్రం నడుచుకుంటూ క్యాంపస్‌లోకెళ్ళి ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్నాం. నేను రిలీజు గోల చెప్పుకుంటుంటే వాడు మధ్యలో ఆపి, ఫోన్లో ఓ నంబరు పంపాడు: 146361946186458562560000.

"దీని కథ మొదలెట్టింది మన గుంటూరాయనే, తెలుసా?" అన్నాడు. నాకు తెలీదు. మీలో ఎంతమందికి తెలుసో మరి.

ఆయన మతుకుమల్లి వెంకట సుబ్బారావు. 1921లో అప్పటి గుంటూరు జిల్లా యాజలిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువు, వైద్యనాథస్వామి దగ్గర పీహెచ్‌డీ. తర్వాత తిరుపతి ఎస్వీయూలో పనిచేసి, 1963లో కెనడాలోని ఆల్బర్టా యూనివర్సిటీకి వెళ్ళి అక్కడే ఉండిపోయారు.

6 పరిపూర్ణ సంఖ్య అని స్కూల్లో చదివాం కదా, 1+2+3=6 అని. సుబ్బారావు గారు వారెన్ అనే ఆయనతో కలిసి 1966లో రాసిన పేపర్లో రూలు కాస్త వేరు. భాజకానికీ, భాగిస్తే వచ్చేదానికీ ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. (ఈ రకం భాజకాల మీద 1931లోనే రాసింది గురువుగారు వైద్యనాథస్వామే.) 60 తీసుకోండి. 60=2×30, రెండింట్లోనూ 2 ఉంది కాబట్టి 2 చెల్లదు. చెల్లేవి 1, 3, 4, 5, 12, 15, 20. కూడి చూడండి, సరిగ్గా 60! ఇలాంటివాటిని యూనిటరీ పరిపూర్ణ సంఖ్యలంటారు. ఆ పేపర్లో దొరికినవి నాలుగు: 6, 60, 90, 87360. బేసి సంఖ్య ఒక్కటీ ఉండదని కూడా తేల్చారు. అయిదోదాన్ని చార్లెస్ వాల్ 1975లో ప్రచురించాడు. అదే మావాడు పంపిన నంబరు.

ఇంటికొచ్చి రాత్రి పదకొండున్నరకి సీ ప్లస్ ప్లస్‌లో ఓ ప్రోగ్రాం రాశాను. ఆన్సరు కుదర్లేదు. "మీ వాల్ లెక్క తప్పురా, ఇరానీ చాయ్ పందెం" అని మెసేజ్ కొట్టేశా. ఆ తర్వాత వెలిగింది. 64 బిట్లలో పట్టే పెద్ద సంఖ్యకి 20 అంకెలే, మనదానికి 24. ఓవర్‌ఫ్లో! ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్లని నేనే అడిగే ప్రశ్న అది :)

అసలు కంప్యూటరే అక్కర్లేదని పొద్దున మావాడు చూపించాడు. సంఖ్యని ప్రధాన సంఖ్యల ఘాతాలుగా విడగొట్టి, ఒక్కోదానికి 1 కలిపి, అన్నిటినీ గుణించాలి. అసలు సంఖ్యకి రెట్టింపు రావాలి (భాజకాల్లో ఆ సంఖ్యని కూడా లెక్కేస్తాం కాబట్టి రెట్టింపు). ఇందులో 5 పవర్ 4 ఉంది, అంటే 625. 1 కలిపితే 626, అంటే 2×313. కాబట్టి 313 కావాలి. దానికి 1 కలిపితే 314, అంటే 2×157. 157 నించి 158, అంటే 2×79. 79 నించి 80, ఇక్కడ గొలుసు 2లూ 5ల్లోకి దిగిపోయింది. ఇంకోవైపు 2 పవర్ 18కి 1 కలిపితే 262145, అంటే 5×13×37×109. ప్రతివాడూ ఇంకోడి అప్పు తీరుస్తున్నాడు, చివరికి ఒక్క 2 మిగుల్తుంది. పెద్ద సంయుక్త సంఖ్య అనగానే మనకి ఆరెస్సే గుర్తొస్తుంది, విడగొట్టడానికి తలప్రాణం తోకకొచ్చే సరుకు. ఇది పూర్తిగా ఉల్టా, 24 అంకెల్లో అతిపెద్ద ప్రధాన కారణాంకం 313.

ఆరోది ఇంతవరకూ దొరకలేదు. దొరికితే దాన్లో బేసి ప్రధాన ఘాతాలు కనీసం తొమ్మిదుంటాయని వాల్ 1988లో నిరూపించాడు. ఇవి పరిమితమేనని సుబ్బారావు గారి ఊహ. అదీ ఇంకా తేలలేదు. తేల్చినవాళ్ళకి కార్లిట్జ్, ఎర్డోష్‌లతో కలిసి పది డాలర్లు ప్రకటించారు. కొత్త సంఖ్య పట్టుకొస్తే ఆయన సొంతంగా ఇస్తానన్నది పది సెంట్లు! 2006లో పోయారు, ఆ పది సెంట్లు ఎవరికీ ఇవ్వకుండానే.

ఇంకోటి. కంట్రోల్ థియరీలో పెద్ద పేరున్న మతుకుమల్లి విద్యాసాగర్ ఈయన కొడుకే. 2000 నించి 2009 దాకా ఇదే హైదరాబాదులో, టీసీఎస్‌లో పనిచేశారు.

వచ్చే ఆదివారం మళ్ళీ తార్నాక వెళ్ళాలి. చాయ్ నేనే పోయించాలి, బిస్కెట్లు కూడా అట.