మిగిలినదెంత? బ్యాటరీ కొలత చరిత్ర

ప్రమిదలో నూనె ఎంత ఉందో చూస్తే తెలుస్తుంది. బ్యాటరీలో మిగిలిన విద్యుత్తు కంటికి కనిపించదు. మరొక రాశిని కొలిచి దానిని అంచనా వేయాలి. ఏ రాశిని కొలవాలన్నది లోపలి రసాయనాన్ని బట్టి మారుతూ వచ్చింది.

1859లో గాస్టన్ ప్లాంటే రూపొందించిన సీసం-ఆమ్ల బ్యాటరీలో ఈ పని సులువు. వాడకంతో గంధకామ్లం ఖర్చై ద్రవం పలచబడుతుంది. హైడ్రోమీటరు ముంచితే, నిండుగా ఉన్నప్పుడు సుమారు 1.27గా కనిపించే సాపేక్ష సాంద్రత, ఖాళీ అయ్యేసరికి 1.12 దరిదాపులకు దిగుతుంది. తరువాత వచ్చిన నికెల్-కాడ్మియం బ్యాటరీలో ఈ ఉపాయం పనికిరాలేదు. దాని క్షారద్రవం సాంద్రత అంతగా మారదు. వోల్టేజి కూడా చాలాసేపు 1.2 వద్ద నిలిచి, చివర ఒక్కసారిగా పడిపోతుంది.

మిగిలిన దారి, వచ్చిపోయే విద్యుత్తుకు జమాఖర్చు రాయడం. దీనికి మూలం 1830లలో ఫారడే ప్రతిపాదించిన విద్యుద్విశ్లేషణ నియమాలు. 1880లలో ఎడిసన్ మీటర్లలోని జింకు పలకలను తూచి, బరువులోని తేడాను బట్టి వినియోగదారులకు బిల్లు వేసేవారు. నేడు ఆ పనిని ఒక చిన్న నిరోధకం, ఒక చిప్ చేస్తున్నాయి. అయితే ఈ జమాఖర్చుకు రెండు లోపాలున్నాయి: తొలినిల్వ ఎంతో తెలియదు, చిన్న తప్పులు రోజురోజుకూ పేరుకుంటాయి.

1991లో సోనీ విపణిలోకి తెచ్చిన లిథియం-అయాన్ బ్యాటరీ తొలినిల్వ సమస్యను తేలిక చేసింది. లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ ఘటం వోల్టేజి 4.2 నుంచి 3 దాకా ఏటవాలుగా దిగుతుంది. కాసేపు విశ్రాంతినిచ్చి కొలిస్తే నిల్వ తెలుస్తుంది. ఆ వక్రరేఖనే చిప్‌లో పట్టికగా భద్రపరచసాగారు.

1997లో ఎ. కె. పాఢి, కె. ఎస్. నంజుండస్వామి, గుడెనఫ్‌లు ప్రచురించిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పరిశోధన మరో చిక్కుకు దారితీసింది. ఈ రసాయనంతో చేసిన ఘటం నిండుగా ఉన్నా, విశ్రాంతిలో సుమారు 3.3 వోల్టులే చూపుతుంది. కోబాల్ట్ పట్టిక ప్రకారం అది దాదాపు ఖాళీ! కోబాల్ట్ ఘటాలలోనే 4.35 వోల్టుల దాకా నింపే రకానికి 4.2 పట్టిక వాడినా లెక్క తప్పుతుంది. ఫోను హఠాత్తుగా ఆగితే అసౌకర్యమే. కృత్రిమ శ్వాసయంత్రం ఆగితే ప్రాణాపాయం.

అందుకే పైన "లిథియం-అయాన్" అని ఉంటే చాలదు. ఇంజనీర్లు ఘటాన్ని నెమ్మదిగా ఖాళీ చేస్తూ, మధ్యమధ్య విశ్రాంతినిస్తూ వోల్టేజిని నమోదు చేస్తారు. అలా వచ్చిన వక్రరేఖను చిప్ తయారీదారు సేకరించిన వక్రరేఖలతో పోల్చి, అతి దగ్గరి దానిని ఎంచుకుంటారు. ఘటం ముదిరేకొద్దీ పెరిగే అంతర్నిరోధాన్ని కొన్ని చిప్‌లు తామే కొలుచుకుంటాయి.

ఐరన్ ఫాస్ఫేట్‌కు మాత్రం సరైన పట్టిక దొరికినా చాలదు. నడిమి భాగంలో దాని వక్రరేఖ దాదాపు బల్లపరుపు. కొద్ది మిల్లీవోల్టుల పొరపాటు నిల్వ లెక్కలో ఎన్నో శాతాల తేడాగా మారుతుంది. అక్కడ జమాఖర్చే ఆధారం. ఈ బ్యాటరీలున్న కార్లను వారానికొకసారి నూరు శాతం నింపమని కొందరు తయారీదారులు చెప్పడానికి ఒక కారణం ఇదే: అంచుకు చేరినప్పుడే మీటరు తన లెక్కను సరిచూసుకోగలదు.