విడియా పన్ను వెనుక కథ

టైల్స్ అంచుకు బిగించే స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీని పనిచోటే మైటర్ రంపంతో 45 డిగ్రీల కోణంలో కోయడం చూసే ఉంటారు. ఆ రంపపు చక్రం ఒళ్లంతా ఉక్కే. నిజంగా కోసేది మాత్రం పళ్ల కొసన టంకంతో అతికిన బూడిదరంగు ముక్కలు. మన లేత్ కార్మికులు వీటిని ‘విడియా’ అంటారు. ‘వజ్రం లాంటిది’ అనే అర్థమిచ్చే జర్మన్ మాటలను కుదించి పెట్టిన వ్యాపార నామం అది.

స్టెయిన్‌లెస్ స్టీలు మొండి లోహం. పన్ను దిగకుండా రాసుకుంటే పైపొర ఇంకా గట్టిపడుతుంది. పుట్టిన వేడి మామూలు ఉక్కులో కంటే మూడోవంతు వేగంతోనే లోపలికి పాకుతుంది కనుక పన్ను కొస కాలిపోతుంది. అందుకే లోహం కోసే రంపాలు నిమిషానికి సుమారు 1300 చుట్లే తిరుగుతాయి. 4000 చుట్లు తిరిగే కర్ర రంపానికి విడియా పళ్లున్నా దానితో స్టీలు కోయడం ప్రమాదం.

అమెరికాలో టేలర్, వైట్ 1900 నాటికి రూపొందించిన హైస్పీడ్ స్టీలు ఎర్రగా కాలినా పదును వదలదు. పారిస్ ప్రదర్శనలో అది పెద్ద వింత. విడియా దాన్ని మించింది. విచిత్రమేమంటే అది పుట్టింది కోతకోసం కాదు, దీపాల కోసం. బల్బుల్లోని సన్నని టంగ్‌స్టన్ తీగను రంధ్రం చేసిన వజ్రం గుండా లాగేవారు. వజ్రాలేమో ఖరీదు. టంగ్‌స్టన్ కార్బైడ్‌కు కాఠిన్యం ఉంది కాని పెళుసు. ఓస్రామ్ పరిశోధకుడు కార్ల్ ష్రోటర్ దాని పొడికి కోబాల్టు వంటి లోహం కలిపి, అదిమి, కాల్చాడు. ఇసుకను సిమెంటు పట్టినట్లు కోబాల్టు రేణువులను పట్టేసింది. పేటెంటు 1923లోది. 1926లో క్రుప్ సంస్థ దానికి విడియా అని పేరుపెట్టి అమ్మింది.

ఇక వ్యాపారం. 1928లో అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ క్రుప్‌తో ఒప్పందం చేసుకుంది. అంతవరకు పౌను 50 డాలర్లకు దొరికిన సరుకు 453 డాలర్లకు ఎగబాకింది! అప్పట్లో పౌను బంగారమే దాదాపు 300 డాలర్లు. జర్మనీలో ధర అందులో కొద్ది భాగమే. శాస్త్రం చవక చేసిన దాన్ని ఒప్పందం ప్రియం చేసిందన్నమాట. చిన్న వర్క్‌షాపులు పాత ఉక్కుతోనే సరిపెట్టుకున్నాయి. 1940లో ప్రభుత్వం కేసు పెట్టింది, ధర దిగివచ్చింది. 1948లో న్యూయార్కు ఫెడరల్ కోర్టు జనరల్ ఎలక్ట్రిక్‌ను దోషిగా తేల్చింది.

మన దేశానికి విడియా పేరుతోనే 1964లో బెంగుళూరులో కంపెనీ వచ్చింది. కంపెనీ తర్వాత పేరు మార్చుకున్నా, షాపుల్లో ఏ కంపెనీ ముక్కనైనా నేటికీ విడియా అనే అడుగుతారు.