దేశంలో పెరుగుతున్న దీర్ఘకాలిక పేగుపూత వ్యాధులు – గణాంకాలు, వాస్తవాలు

పేగులలో దీర్ఘకాలం వాపు, పుండ్లు కొనసాగే వ్యాధులను వైద్య పరిభాషలో ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్ (ఐబీడీ) అని వ్యవహరిస్తారు. ఒకప్పుడు పాశ్చాత్య దేశాలకే పరిమితమని భావించిన ఈ వ్యాధులు భారతదేశంతో సహా పలు ఆసియా దేశాలలోనూ గణనీయంగా కనిపిస్తున్నాయి.

ఈ వ్యాధులలో రెండు రకాలు ప్రధానమైనవి. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరకు పరిమితమై ఉంటుంది. క్రోన్స్ వ్యాధి నోటి నుండి మలద్వారం వరకు జీర్ణవాహికలో ఏ భాగానికైనా సోకవచ్చు. పేగు గోడ మందమంతటికీ వ్యాపించవచ్చు. 1932లో న్యూయార్క్ వైద్యుడు బరిల్ క్రోన్, ఆయన సహచరులు దీనిని వివరించినందున ఆ పేరు వచ్చింది.

లూధియానా సర్వే

భారతదేశంలో ఇంటింటికీ వెళ్లి జరిపిన సర్వేలలో పంజాబ్‌లోని లూధియానా వైద్యులు 1999లో చేపట్టినది ముఖ్యమైనది. 51,910 మందిని పరిశీలించగా 23 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నట్లు నిర్ధారణ అయినది. అనగా లక్ష జనాభాకు 44.3 మంది. ఏడాది తర్వాత అవే ప్రాంతాలను మరల సందర్శించినపుడు మరో ముగ్గురు కొత్త రోగులు బయటపడ్డారు. 2003లో ప్రచురితమైన ఈ ఫలితాలు, భారతీయులలో ఈ వ్యాధి అరుదన్న అభిప్రాయాన్ని సవరించాయి.

అంతకుముందే, 1992లో వెలువడిన ఒక బ్రిటన్ అధ్యయనంలో లెస్టర్ ప్రాంతంలో స్థిరపడిన భారతీయ సంతతి హిందువులలో ఏటా లక్షకు 10.8 మంది, అక్కడి యూరోపియన్లలో 5.3 మంది చొప్పున కొత్తగా అల్సరేటివ్ కొలైటిస్‌కు గురైనట్లు వెల్లడి కావడం గమనార్హం. పుట్టుకతో వచ్చే లక్షణాలతో పాటు ఆహారం, పరిసరాలు, జీవన విధానంలో మార్పులకు ఈ వ్యాధిలో పాత్ర ఉన్నదని నిపుణులు భావించడానికి ఇటువంటి పరిశీలనలే ఆధారం.

ఆసియాలో భారత్ స్థానం

ఆసియా-పసిఫిక్‌లోని 13 దేశాలు, ప్రాంతాలలో జరిగిన అధ్యయనం 2019లో ప్రచురితమైనది. ఏటా లక్షకు సగటున 1.50 మంది కొత్త రోగులు ఉండగా, భారత్‌కు సంబంధించిన అధ్యయన ప్రాంతంలో ఈ సంఖ్య 9.31గా, చైనాలో 3.64గా నమోదైనది. ఆసియాలో ఈ రెండే అగ్రస్థానంలో నిలిచాయి.

ప్రపంచవ్యాప్త వ్యాధిభార అంచనాల ప్రకారం దేశంలో 1990లో సుమారు 1.3 లక్షలుగా ఉన్న రోగుల సంఖ్య 2019 నాటికి సుమారు 2.7 లక్షలకు చేరినది. ఇదే కాలంలో జనాభా సుమారు 87 కోట్ల నుండి 138 కోట్లకు పెరిగినందున, ఈ పెరుగుదలలో కొంత భాగం జనాభా వృద్ధి వలన వచ్చినదే. అంతేకాక ఈ అంచనా లక్షకు సుమారు 20 మందికి మాత్రమే సమానం. లూధియానా సర్వేలో ఒక్క అల్సరేటివ్ కొలైటిస్ రేటే దీనికి రెట్టింపు. కనుక ఒక ప్రాంతపు సర్వేను దేశమంతటికీ, గణిత అంచనాను లెక్కించిన సంఖ్యకు సమానంగా చూపడం సరికాదు. ప్రస్తుతం ఉన్న రోగుల సంఖ్య, ఏటా కొత్తగా చేరేవారి సంఖ్య వేర్వేరన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇది నగరవాసుల వ్యాధి అన్న భావన కూడా నిలవడం లేదు. హైదరాబాద్‌లోని ఏఐజీ ఆస్పత్రి వైద్యులు 30 వేల మందికి పైగా పేగు సమస్యలున్న రోగులను పరిశీలించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, పట్టణ, గ్రామీణ రోగులలో ఐబీడీ నిష్పత్తి దాదాపు సమానంగా ఉన్నట్లు తేలినది.

క్షయగా పొరబడే ప్రమాదం

మన దేశంలో నిర్ధారణకు ప్రధాన అవరోధం పేగుల క్షయ. క్రోన్స్ వ్యాధికి, దానికి కడుపునొప్పి, జ్వరం, బరువు తగ్గడం వంటి లక్షణాలు ఒకటే. కొలనోస్కోపీలోనూ, ముక్క పరీక్షలోనూ రెండూ ఒకేలా కనిపించవచ్చు. ఫలితంగా పలువురు క్రోన్స్ రోగులు నెలల తరబడి క్షయ మందులు వాడుతూ అసలు చికిత్సకు దూరమవుతున్నారు. దీనికి విరుద్ధంగా, క్షయ ఉన్నవారికి పొరబాటున స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఇస్తే క్షయ ముదిరి ప్రాణాపాయం కలుగవచ్చు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి బయలాజికల్ మందులకు ముందు క్షయ పరీక్షలు తప్పనిసరి కావడానికి కారణం ఇదే.

మలంలో రక్తం పడినపుడు మొలలుగా భావించి పరీక్ష చేయించుకోకపోవడం మరో సమస్య. నాలుగు వారాలకు మించి విరేచనాలు, మలంలో రక్తం లేదా జిగట, నిద్ర నుండి లేపే విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం వంటి లక్షణాలుంటే జీర్ణకోశ నిపుణుని సంప్రదించవలసి ఉంటుంది.

ఐబీడీ అంటువ్యాధి కాదు. పూర్తిగా నయం కాకపోయినా, క్రమం తప్పని చికిత్సతో అత్యధికులు చదువు, ఉద్యోగం, కుటుంబ జీవనం సాగించగలరు. ఉపశమనం కలిగిందని మందులు మానివేస్తే వ్యాధి తిరగబెట్టే అవకాశం ఎక్కువ. పెద్దపేగులో అధిక భాగానికి వ్యాధి ఉన్నవారికి, లక్షణాలు మొదలైన సుమారు ఎనిమిదేళ్ల నుండి క్యాన్సర్ గుర్తింపు కోసం నియమిత కొలనోస్కోపీ అవసరం. ఏటా మే 19న ప్రపంచ ఐబీడీ దినం పాటిస్తున్నారు.