చిట్టెలుక కాలేయము చెప్పిన సాక్ష్యము

యంత్రభాగములకు పట్టిన చమురును, గ్రీజును వదలించుటకు ట్రైక్లోరోఇథిలీనును మించిన ద్రావణి లేదని కర్మాగారములవారు చాలకాలము భావించిరి. అది సులభముగా మంటపట్టదు, త్వరగా ఆవిరియగును. కాఫీగింజలనుండి కెఫీనును తొలగించుటకును, శస్త్రచికిత్సలో మత్తుమందుగాను కూడ దానిని వాడిరి. ఇంతమంది ఊపిరిలో, కడుపులో చేరిన ఈ పదార్థము కాన్సరు కలిగించునా అను ప్రశ్నకు సమాధానము వెదకుట మాత్రము ఆలస్యమైనది. దానికి దగ్గరి బంధువైన కార్బన్ టెట్రాక్లోరైడు చిట్టెలుకల కాలేయములో కణుతులు పుట్టించునని 1941లోనే తెలిసియుండెను!

అమెరికా జాతీయ కాన్సరు సంస్థ తన పరీక్షాఫలితమును 1976లో ప్రకటించినది. ద్రావణిని మొక్కజొన్న నూనెలో కలిపి, గొట్టముద్వారా తిన్నగా కడుపులోనికి, వారమునకు 5 దినముల చొప్పున 78 వారములు ఇచ్చిరి. ద్రావణి ఇవ్వని 20 మగ చిట్టెలుకలలో ఒక్కదానికే కాలేయ కాన్సరు కనిపించినది. తక్కువ మోతాదు పొందిన 50లో 26కు, ఎక్కువ మోతాదు పొందిన 48లో 31కి అది వచ్చినది. పెద్ద ఎలుకలలో అట్టి వృద్ధి లేదు. అయితే వాటిలో పెక్కు ముందే చనిపోయినందున వాటి సాక్ష్యమునకు బలము తక్కువ.

వెంటనే ఒక ఆక్షేపణ వచ్చినది. ద్రావణి చెడిపోకుండ దానిలో కొద్దిగా ఎపిక్లోరోహైడ్రిను కలిపియున్నారు, నేరము దానిదేమో! సరియైన ఆక్షేపణయే. ఆ కల్తీ లేని ద్రావణితో పరీక్ష మరల జరిపిరి. 1990లో వెలువడిన ఆ ఫలితములోను చిట్టెలుకల కాలేయము అదే సమాధానము చెప్పినది.

అసలు దోషి ద్రావణియా, శరీరములో అది మారిన రూపమా? కాలేయములో అది మొదట క్లోరలుగాను, పిదప ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లముగాను మారును. (క్లోరల్ హైడ్రేటు 1869నుండి నిద్రమందుగా వాడినదే.) లీటరు త్రాగునీటికి 5 గ్రాముల చొప్పున ఈ ఆమ్లమును కలిపి ఇచ్చినను చిట్టెలుకలకు కాలేయ కణుతులు పుట్టినట్లు 1987లో ప్రకటించిరి. కాని అట్టి ఆమ్లములకు చిట్టెలుక కాలేయము స్పందించినంతగా మానవుని కాలేయము స్పందించదని పలువురు వాదించిరి. ఆ వాదము పూర్తిగా తెగలేదు.

అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ 2012లో ట్రైక్లోరోఇథిలీనును మానవునికి కాన్సరు కలిగించు పదార్థముల జాబితాలో చేర్చినది. విచిత్రమేమనగా, అందుకు ఆధారము కార్మికుల మూత్రపిండములు. మానవ కాలేయమును గురించిన సాక్ష్యము పరిమితమనియే ఆ సంస్థ తేల్చినది. అయినను మూత్రపిండమును చెరచు ఆ మార్గమునకు తొలిమెట్టు కాలేయములోనే యున్నది: అచట ద్రావణి గ్లుటాథయోనుతో కలిసి, మూత్రపిండమును చేరిన పిదప విషముగా మారును.