'సాధారణ దిగుడు': ఒక నిబంధనను చదివే తీరు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నుంచి ఈ పాఠం చదువుతున్న మీకు విమానాశ్రయం అనగానే వరంగల్ పక్కనున్న మామునూరు గుర్తుకు రావచ్చు. నిజాం కాలంలో, 1930లో ఏర్పడిన ఆ విమానాశ్రయం 1981లో మూతపడింది. అక్కడ ప్రయాణికుల విమానం దిగడం మీలో చాలామంది చూసి ఉండరు. అయినా విమానం దిగడానికి సంబంధించిన ఒక చట్టపదాన్ని ఇక్కడ పరిశీలిద్దాం. శాసనాన్నీ ఫర్మానానూ చదివినట్లే నిబంధననూ చదవడం చరిత్ర విద్యార్థికి తెలియాలి.

అమెరికా విమానయాన నిబంధనల్లో 91.175 అనే సెక్షన్ ఉంది. పరికరాల సాయంతో దిగుతున్న పైలట్, నిర్ణీత కనిష్ఠ ఎత్తు దాటి కిందికి రావాలంటే, సాధారణ దిగుడు వేగంతో, సాధారణ విన్యాసాలతో రన్‌వేను చేరగల స్థితిలో ఎడతెగకుండా ఉండాలి. 'సాధారణం' అంటే నిమిషానికి ఎన్ని అడుగులో అందులో చెప్పలేదు. ఇది లోపమని నేననుకోను. మూడు డిగ్రీల వాలు మీద 140 నాట్ల వేగంతో వచ్చే జెట్ నిమిషానికి సుమారు 740 అడుగులు దిగుతుంది. 70 నాట్ల చిన్న విమానం అందులో సగమే. ఒకే అంకె రెండింటికీ ఎలా సరిపోతుంది?

ఖాళీ వదిలిన చోటును ఆచరణ నింపుతుంది. నిమిషానికి 1000 అడుగులకు మించి దిగరాదని, 1000 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి (ఆకాశం నిర్మలంగా ఉంటే 500 అడుగులకు) విమానం కుదురుకోకపోతే తిరిగి పైకి లేవాలని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ సూచించింది. విమాన సంస్థలు ఇలాంటి కొలతలనే తమ నియమావళిలో చేర్చుకున్నాయి.

మరి అంకె ఉంటే చాలా? 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటి లోయలో పడింది. ఉన్న 166 మందిలో 158 మంది మరణించారు. విమానం ఉండవలసిన దానికన్నా బాగా ఎత్తులో వచ్చి, నిటారుగా దిగి, సుమారు 8,000 అడుగుల రన్‌వేలో 5,200 అడుగులు గడిచాక నేలను తాకింది. కుదురుకోని దిగుడును కెప్టెన్ విరమించకపోవడమే ప్రత్యక్ష కారణమని విచారణ సంఘం తేల్చింది.

పరీక్షలో చాలామంది ఇక్కడే ఆగిపోయి 'నిబంధన ఉల్లంఘన' అని రాసేస్తారు. (దిద్దేవాడికి అది సులువే.) నివేదికను ఇంకా చదవండి. అక్కడి రాడార్ రెండు రోజులుగా పనిచేయడం లేదు. అందువల్ల దిగేందుకు అనుమతి ఆలస్యమైంది. ప్రయాణంలో చాలాసేపు కెప్టెన్ నిద్రలో ఉన్నాడు. సహపైలట్ మూడుసార్లు 'గో అరౌండ్' అన్నాడు, పరికరమూ హెచ్చరించింది. అంటే, ఆ దిగుడు సాధారణం కాదని కాక్‌పిట్‌లో ఒకరికి తెలుసు. నిర్ణయించే అధికారం మాత్రం పక్క సీటులో ఉంది.