కుంట తవ్విన మట్టి ఎంత?

ఈసారి పంట సంగతి కాదు, మట్టి లెక్క. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

నాలుగేళ్ల కింద మా చేలో కుంట తవ్వించాను. అదే, ఫారం పాండ్. పైన 20 మీటర్ల పొడవు, 20 వెడల్పు, 3 మీటర్ల లోతు. గట్లు జారకుండా మీటరు లోతుకి మీటరు లోపలికి వాలు పెట్టాం. అంటే అడుగున 14కి 14. పొక్లెయిన్ ఆయనతో గంట లెక్క కాకుండా క్యూబిక్ మీటరు లెక్కన మాట్లాడుకున్నా.

పనయ్యాక ఆయన టేపు పట్టి, "అన్నా, 20 ఇంటూ 20 ఇంటూ 3. మొత్తం 1,200" అన్నాడు. అడుగు చిన్నగా ఉంది కదయ్యా అన్నాను. "సరే, పైదీ కిందిదీ కలిపి సగం చేద్దాం" అన్నాడు. 400, 196 కలిపి సగం చేస్తే 298. మూడుతో గుణిస్తే 894. న్యాయంగానే అనిపించింది, డబ్బులు ఇచ్చేశా.

ఆ తర్వాత సర్వే పని చేసే మా మేనల్లుడు వచ్చి, కుంట కొలతలు తీసి ల్యాప్‌టాప్‌లో వేస్తే 876 వచ్చింది. 18 క్యూబిక్ మీటర్లు తేడా! ట్రాలీకి 3 వేసుకున్నా 6 ట్రాలీలు. తవ్విన మట్టి ఉబ్బుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంటర్లో ఎంపీసీ చదివినోణ్ణి, సగటులో ఎలా మోసపోయానా అని వెతకడం మొదలుపెట్టా.

వెతికితే తెలిసింది, ఈ తగాదా చాలా పాతదని. 628లో బ్రహ్మగుప్తుడు రాసిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో గోతుల లెక్కే ఉంది. ఆయన పద్ధతి మా కుంటకి వేసి చూడండి. పొడవు వెడల్పుల సగటుతో చేస్తే 17 ఇంటూ 17 ఇంటూ 3, అంటే 867. ఇది తక్కువ చూపిస్తుంది. వైశాల్యాల సగటుతో చేస్తే 894. ఇది ఎక్కువ చూపిస్తుంది. రెండింటి తేడా 27. అందులో మూడోవంతు 9. దాన్ని 867కి కలపాలి. 876! కంప్యూటర్ చెప్పిందే. కాగితం మీద ఆ అంకె పడగానే, నిజం చెప్తున్నా, ఒళ్లు జలదరించింది.

తర్వాత 9వ శతాబ్దంలో మహావీరుడు గణితసార సంగ్రహంలో గోతుల కోసం ఒక అధ్యాయమే పెట్టాడు. ఆ గ్రంథాన్ని తెలుగు చేసినవాడు మన పావులూరి మల్లన. 1150 నాటి లీలావతిలో భాస్కరుడు ఇంకో దారి చెప్పాడు. పై వైశాల్యం, అడుగు వైశాల్యం, పైనా కిందా కొలతలు కలిపి గుణించింది (34 ఇంటూ 34), ఈ మూడూ కూడి ఆరుతో భాగించి లోతుతో గుణించమన్నాడు. చేసి చూడండి, మళ్లీ 876. ఇప్పటి ఇంజనీర్లు దీన్నే ప్రిస్మాయిడల్ ఫార్ములా అంటారు.

మరి పొక్లెయిన్ ఆయన సగటు ఎక్కడిది? అదీ ఇంజనీర్లదే. కాలవకో రోడ్డుకో అడ్డకోతలు గీసి, పక్కపక్క రెండింటి వైశాల్యం సగటు చేసి, మధ్య దూరంతో గుణిస్తారు. చేత్తో చేయడం తేలిక. మామూలుగా కాస్త ఎక్కువే చూపిస్తుంది. ఈ కష్టం తప్పించడానికే 1833లో మెక్‌నీల్ అనే ఇంజనీరు మట్టిపని పట్టికల పుస్తకం వేశాడు. 1854లో ఆమ్‌స్లర్ చేసిన ప్లానిమీటరుతో గీత చుట్టూ ముల్లు తిప్పితే వైశాల్యం వచ్చేసేది.

సాఫ్ట్‌వేర్ దారి వేరు. నేల మీద చాలా చోట్ల ఎత్తులు తీసుకుని, ఆ చుక్కల్ని త్రికోణాలుగా కలుపుతుంది. ఎలా కలపాలో 1934లోనే డెలోనే అనే రష్యన్ గణితవేత్త చెప్పాడు. తవ్వకముందు నేల ఒక పొర, తవ్విన తర్వాత నేల ఇంకో పొర. రెండింటి మధ్య ఉన్నదే మట్టి.

ఇక్కడే నా కోపానికి గండి పడింది. "మామయ్యా, తవ్వకముందు లెవెల్స్ తీయించారా?" అని మేనల్లుడు అడిగాడు. లేదన్నాను. "అయితే అంచుల్ని బట్టి పాత నేల చదునుగా ఉందనుకుని వేశాను" అన్నాడు. కానీ మా కుంట ఉన్నచోట మధ్యలో ఒక దిబ్బ ఉండేది, ఎండాకాలం గేదెలు దాని మీదే పడుకునేవి. అది 10 మీటర్లు పొడవు, 9 వెడల్పు, సగటున 20 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నా చాలు, ఆ 18 అక్కడికక్కడే సరి.

చెరువు మట్టి చేత్తో తవ్వే రోజుల్లో గోతి మధ్యలో అక్కడక్కడ మట్టి దిమ్మెలు తవ్వకుండా వదిలేసేవాళ్లు. కొలిచేవాడు వచ్చి దిమ్మె ఎత్తు చూసి లోతు రాసుకునేవాడు. దాని నెత్తిన పాత గడ్డి అలాగే ఉందా అని కూడా చూసేవాడు, పైన మట్టి వేసి ఎత్తు పెంచే కొంటె పనులు అప్పుడూ ఉండేవి మరి! ఆ దిమ్మే వాళ్ల మొదటి పొర. నేను అదొక్కటి కూడా వదిలించలేదు.

మొన్న సంతలో ఆ పొక్లెయిన్ ఆయన కనిపిస్తే దిబ్బ సంగతి అడిగా. "గుర్తులేకేం అన్నా, మొదటి బకెట్ పెట్టింది దాని మీదే" అన్నాడు. ఇద్దరం టీ తాగాం. డబ్బులు నేనే ఇచ్చా.