మిడ్‌లాండ్ కౌంటీ నియోజక విభాగములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కౌంటీ యనునది రాష్ట్రమునకు దిగువనుండు పరిపాలనా భాగము. దీనిని మన జిల్లాతో పోల్చుట వాడుక యైనను ఆ పోలిక కొంతవరకే చెల్లును. టెక్సాసు రాష్ట్రమున కౌంటీని ఏలువారు పైనుండి నియుక్తులైన అధికారులు కారు; ఆ కౌంటీ ప్రజలెన్నుకొన్నవారు. ఈ యెన్నికకై కౌంటీని ఏ ప్రమాణముతో విభజింపవలెను, ఆ విభజనను ఎప్పుడు సరిచూడవలెను అను ప్రశ్నలు టెక్సాసులోని మిడ్‌లాండ్ కౌంటీ వ్యాజ్యమున తీవ్రముగా తలెత్తినవి. ఆ వ్యాజ్య చరిత్రను ఇచ్చట పరిశీలింప బూనితిమి.

1876 నాటి టెక్సాసు రాజ్యాంగము ప్రతి కౌంటీని ప్రజల సౌకర్యము ననుసరించి నాలుగు విభాగములు చేయవలెనని విధించినది. ఒక్కొక్క విభాగము ఒక కమిషనరు నెన్నుకొనును. ఈ నల్వురును, కౌంటీ అంతయు కలిసి ఎన్నుకొను కౌంటీ జడ్జియు కూడినదే కమిషనర్ల కోర్టు. పేరు విని ఇది కేవలము న్యాయస్థానమని భ్రమపడరాదు. మన ప్రాంతమున కచేరి యను మాట పన్ను కట్టు చోటికిని, తగవు తీర్చు చోటికిని చెల్లియుండుట పాఠకులెరిగినదే. కమిషనర్ల కోర్టు పన్నురేటు నిర్ణయించును, ఋణపత్రములు విడుదల చేయును, ఆదాయవ్యయ పట్టిక నామోదించును. బాటలు, వంతెనలు, ఆసుపత్రులు దాని పాలనలోనివే. వీనికి తోడు, తన సభ్యులు ఎన్నిక కావలసిన విభాగముల సరిహద్దులను గీయునదియు ఆ సభయే. తక్కిన అధికారములకన్న ఈ యొక్కటియే వివాదమునకు మూలమని మా తలంపు.

మిడ్‌లాండ్ చమురు సంపదతో పెరిగిన పట్టణము. 1950 జనాభా లెక్కలలో 21,713 మంది యున్న ఆ పట్టణమున 1960 నాటికి 62,625 మంది యైరి. 1963 అంచనాల ప్రకారము, పట్టణమును దాదాపు పూర్తిగా ఇముడ్చుకొన్న విభాగమున 67,906 మంది యుండగా, తక్కిన మూడు గ్రామీణ విభాగములలో వరుసగా 852, 414, 828 మంది యుండిరి. అనగా 70,000 మందిలో 2,094 మందికి మూడు స్థానములు, మిగిలినవారందరికి ఒక్కటి. 414 మంది గల విభాగమున ఒక మనిషికి దక్కిన ప్రాతినిధ్యము పట్టణమున 164 మందికి దక్కినదానితో సమానము. జడ్జిని అందరు నెన్నుకొనుచున్నను, ఓట్లు సరిసమానముగా చీలినప్పుడే ఆయన ఓటు వేయుట ఆచారము గనుక, పట్టణవాసులకు ఆ యెన్నిక గొప్ప ఊరట కాలేదు.

హ్యాంక్ ఏవరీ యను పన్ను చెల్లించు ఓటరు దీనిపై దావా వేసెను. విచారణలో నల్వురు కమిషనర్లలో ముగ్గురు, విభజన చేయునపుడు జనసంఖ్య ముఖ్యాంశము కాలేదని సాక్ష్యమిచ్చిరి. ఇంత నిస్సంకోచమైన ఒప్పుకోలు ఇట్టి వ్యాజ్యములలో అరుదు! క్రింది న్యాయస్థానము ఏవరీ పక్షమున తీర్పు చెప్పెను. అప్పీలులో అది తారుమారయ్యెను. 1966లో టెక్సాసు సుప్రీం కోర్టు ఉన్న విభజనను తప్పుపట్టినను, క్రొత్తగా గీయునపుడు భూవిస్తీర్ణము, కౌంటీ బాటల పొడవు, పన్ను విధింపదగిన ఆస్తి విలువ మున్నగువానిని సైతము లెక్కింపవచ్చుననెను.

వివాదమిచ్చట సూక్ష్మమైనది. రాష్ట్ర శాసనసభల స్థానములు జనసంఖ్య ననుసరించి యుండవలెనని దేశపు సుప్రీం కోర్టు 1964లోనే తీర్మానించెను. కాని కౌంటీ శాసనసభ వంటిది కాదనియు, గ్రామపు బాటలే దాని ముఖ్యవ్యాపారమనియు, పట్టణమునకు తన పురపాలక సంఘము వేరుగా నున్నదనియు ప్రతిపక్ష వాదము. 1968 ఏప్రిల్ 1న ఐదుగురు న్యాయమూర్తుల ఆధిక్యమును ముగ్గురు కాదనిరి. భిన్నాభిప్రాయులలో ఫోర్టాస్, పల్లెవారికే కౌంటీతో దగ్గరి సంబంధమని వాదించెను. ఈ వాదము తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. అయినను ఆధిక్యము తరఫున వైట్ వ్రాసిన సమాధానము మాకు బలవత్తరముగా తోచుచున్నది: విమానాశ్రయమో గ్రంథాలయమో కట్టకుండుటయు కట్టుట వంటి నిర్ణయమే, దాని ఫలము కౌంటీ జనులందరికి తగులును. సభ బాటలకే పరిమితమైనదనుట సభ్యులెవరి ప్రతినిధులో చెప్పునే గాని, దాని అధికారము చిన్నదని చెప్పదు.

ఈ తీర్పు వలన పునఃపరిశీలన కౌంటీలకు తప్పనిసరియయ్యెను. పదేండ్ల జనాభా లెక్కలు వెలువడగానే మొత్తమును విభాగముల సంఖ్యచే భాగించి సగటు తీయుదురు. మిక్కిలి పెద్ద విభాగము సగటును మించినదియు, మిక్కిలి చిన్నది తగ్గినదియు కూడుదురు. ఈ మొత్తము నూటికి పదిలోపున్నచో సాధారణముగా ఆక్షేపణ యుండదు. మిడ్‌లాండ్ పాత విభజనకు సగటు 17,500. కూడిన భేదము నూటికి 385కు పైమాట. కాని పది యనునది దాటరాని గీత కాదు. న్యూయార్కు రాష్ట్రమున రాక్‌లాండ్ కౌంటీ తన ఐదు టౌనుల సరిహద్దులను చెరపక పదునెనిమిది స్థానములు పంచగా 11.9 భేదము వచ్చెను; టౌనులకును కౌంటీకిని చిరకాలముగా నున్న కార్యసంబంధమును చూచి 1971లో సుప్రీం కోర్టు దాని నంగీకరించెను.

సంఖ్యలు సరిపోయినను తగవులు తీరవు. 2021లో టెక్సాసులోని గాల్వెస్టన్ కౌంటీ, నల్లజాతివారును లాటినోలును కలిసి ఆధిక్యము వహించుచుండిన ఒక విభాగమును చెదరగొట్టెను. 2023లో విచారణ న్యాయస్థానము ఇది 1965 నాటి ఓటుహక్కుల చట్టమునకు విరుద్ధమనగా, 2024లో అప్పీలు న్యాయస్థానము, రెండు సమూహములు కలిసి ఆ చట్టము క్రింద ఇట్టి హక్కును కోరజాలవనెను. గాల్వెస్టన్‌లోనూ ఆ గీతలను గీసినది కమిషనర్ల కోర్టే.